వీపుల బొమ్మ

వానలు వెలిసి ఎండ కాసిన ఒక ఉదయం, పెట్టె అడుగునుంచి ఆ కాగితం చుట్టను బయటికి తీశాను. విప్పగానే ముందు ఎండిన వేపాకు వాసన, దాని వెనకే పాత కాగితం వాసన. గోపాలపట్నంలో మా అమ్మాయి వాళ్ల ఫ్లాట్ బాల్కనీలో బట్టలారేసే తాడుకి దాన్ని క్లిప్పులతో తగిలించి, చెమ్మ పట్టిందేమోనని చూడబోయాను. ఎండ కాగితం మీద పడింది. కాగితంలో ఉన్న కన్నాల గుండా దూరి వచ్చి నా కాళ్ల దగ్గర నేల మీద కూడా పడింది. ఒక్కో కన్నం అరచేయంత ఉంటుంది. పైన తలకాయలా గుండ్రం, కింద భుజాల్లా వెడల్పు. గాలికి కాగితం ఊగినప్పుడల్లా ఆ వెలుగు మనుషులు నేల మీద అటూ ఇటూ కదిలారు. కాఫీ గ్లాసు పట్టుకొచ్చిన మా అమ్మాయి వాళ్లను తొక్కకుండా గోడవారగా నడిచి వచ్చింది. నేను చెప్పలేదు. తనకే తోచింది.

ఆ కాగితం ఒక బొమ్మ. నల్ల సిరాతో వేసినది. పాత ఊళ్లో, రేవుకి దగ్గరగా ఉన్న ఒక ఖాళీ స్థలంలో, ఒక సాయంత్రం మీటింగుకి వచ్చిన జనం బొమ్మ. అందులో ఒక్క మొహం లేదు. అందరూ మనకి వీపు పెట్టి, ఎదురుగా ఎక్కడో ఉన్న వేదిక వైపు చూస్తూ ఉంటారు. వేసినవాడు దాలినాయుడు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. ఆయన పేరు ఏ గోడ మీదా లేదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు ఆయన గురించి రాయడానికి కారణం, మధురవాడ నుంచి వచ్చిన ఒక ఫోను. కిరణ్ అనే కుర్రాడు, ఈ ఊరి పాత బొమ్మలన్నీ పోగుచేసి ప్రదర్శన పెడుతున్నాడట. ఎవరో చెబితే మా ఇంటికి వచ్చి, బొమ్మకి ఫోటోలు తీసుకుని వెళ్లాడు. మర్యాదస్తుడే. మర్నాడు ఫోను చేసి, "సార్, బొమ్మ సూపర్ సార్. డ్యామేజీ మాత్రం చాలా ఉంది. మేం రిపేరు చేయించేస్తాం, మీరేం బాధపడకండి," అన్నాడు.

డ్యామేజీ అట! నాకు ఒళ్లు మండింది. చెదలు తిన్న కాగితానికి, వాన నీరు కారిన గోడకి చెప్పే మాట అది. ఆ కన్నాలు పడినవి కావు, చేసినవి. బొమ్మ వేసిన చేత్తోనే చేసినవి. ఆ కుర్రాడికి ఫోనులో చెప్పబోయి, తరవాత మాట్లాడతానని పెట్టేశాను. ఆ బొమ్మను ఇవ్వాలా వద్దా, ఇస్తే దాన్ని ఏం చేస్తారు అన్నది తేల్చుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. మాట తిన్నగా రాదు గనుక రాస్తున్నాను. రాయడం కూడా ఆయన పెట్టిన భిక్షే.

మాది సముద్రం మీద వేటకెళ్లే ఇల్లు. మా అయ్య పడవ పోయాక నేను రేవులో సరుకు మోసే కలాసీగా చేరాను. అప్పటికి నాకు ఇరవై దాటాయి, అక్షరం ముక్క రాదు. వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో కింది గది నాది. మేడ మీద గది దాలినాయుడిది. ఆయన రేవు పనులు చూసే ఒక ఆఫీసులో ట్రేసరు. ఇప్పటివాళ్లకి ఆ పని తెలియదు. ఇంజనీరు పెన్సిల్‌తో గీసిన ప్లాను మీద పల్చటి మైనపు గుడ్డ పరిచి, కింద కనబడే గీతను నల్ల సిరాతో పైన ఎక్కించాలి. గీత ఎక్కడ మొదలైతే అక్కడ మొదలెట్టాలి, ఎక్కడ ఆగితే అక్కడ ఆగాలి. ఏ భాగం అడిగితే ఆ భాగమే ఎక్కించాలి. తప్పు పోతే బ్లేడుతో సిరాను గీకి మళ్లీ గీయాలి. కింద సంతకం మాత్రం వేరేవాడు పెడతాడు. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన రైతుబిడ్డ, పొద్దస్తమానం పరాయివాళ్ల గీతలు దిద్దుకుంటూ బతికాడు.

ఆయన నెమ్మదస్తుడనీ సాధువనీ అనుకోకండి. నోరు మంచిది కాదు. తలకి నూనె రాసి నున్నగా దువ్వుకుని, అద్దంలో రెండువైపులా చూసుకునిగానీ గడప దాటేవాడు కాదు. తన పెన్ను ఎవరైనా ముట్టుకుంటే కొట్టినంత పని చేసేవాడు. ఆఫీసులో ఎవరితోనో దెబ్బలాడి వచ్చి ఆ కోపం మెట్ల మీద చూపించేవాడు. ఆ అడుగుల చప్పుడు వినే నేను పైకి వెళ్లాలో వద్దో తేల్చుకునేవాణ్ని. పెన్ను ములుకు తుడుచుకోవడానికి ఆయనకి పాత పేపర్లు కావాలి. టీ కొట్టునుంచి అవి తెచ్చి ఇవ్వడం నా పని. ఒకరోజు పేపరు చేతికిస్తుంటే అడిగాడు.

"ఇందులో ఏటి రాసున్నాదిరా?"

"నాకేటి తెలుసు బావా? నాను సదూకున్నానేటి?"

"మరి కళ్లెందుకున్నాయి? సూడు. ఇదేటి?"

"కుండ మీద పుల్లెట్టినట్టున్నాది."

"ఆ కుండే 'ర'. ఈ పేపర్లో ఎన్ని కుండలున్నాయో ఏరు. అన్నీ ఏరితేగానీ కిందికి దిగడానికి ఈల్లేదు."

నా బడి అలా మొదలైంది. బల్ల మీద వంగి ఆయన పని చేసుకుంటూ ఉండేవాడు. వెనకాల నేల మీద కూర్చుని నేను సిరా మరకల మధ్య అక్షరాలు ఏరుకునేవాణ్ని. వెనక్కి తిరగకుండానే నా తప్పులు పట్టుకునేవాడు. తరవాత రోజుల్లో దొరికినవన్నీ చదివాను. ఏ పంతులూ నాకు సర్టిఫికెట్ ఇవ్వలేదు. అయినా అచ్చులో అబద్ధం కనబడితే నాకు తెలిసిపోతుంది. అబద్ధానికి ఎటువైపు నుంచి వెలుగు పడుతోందో చూడడం నేర్పింది ఆయనే.

ఆ మీటింగు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మాకు ఓడ వచ్చిన నాడే పని. పొద్దున్నే గేటు ముందు అందరం నిలబడితే, కాంట్రాక్టరు వచ్చి వేలు చూపించిన వాడికే ఆ పూట అన్నం. వేలు ఎవరి మీద పడుతుందో వాడి ఇష్టం. పనిని వంతులవారీగా పంచమని మేమంతా ఒకసారి చిన్న మీటింగు పెట్టుకున్నాం. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ఎంతో సంబరపడ్డాం. ఆ పొద్దున్న కాంట్రాక్టరు ఆ పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. పేపరు చూస్తాడు, మా మొహాలు చూస్తాడు, వేలు పక్కకి జరుపుతాడు. ఫోటోలో స్పష్టంగా పడినవాళ్లకి ఆ రోజు పని లేదు, ఆ నెలంతా లేదు. ఫోటో తీసినవాడి తప్పేం కాదు పాపం. ఫోటో మొహం చూపిస్తుంది, అంతకన్నా దానికేం తెలుసు?

రెండోసారి పెద్ద మీటింగు తలపెట్టినప్పుడు కెమెరా కనబడకూడదని పెద్దలు గట్టిగా చెప్పారు. బొమ్మే లేకపోతే మళ్లీ ఎవడో ఒకడు 'పట్టుమని పదిమంది రాలేదు' అంటాడు. మొదటిసారి ఆ మాట కూడా అన్నారు. సందులో ఇదే చర్చ జరుగుతుంటే, మేడ మెట్ల మీద వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న దాలినాయుడు తొక్కలు విసిరేసి అన్నాడు.

"మొకాలు లేకుండా నానేత్తాను."

"మొకాలు లేకుండా మనుసులెలగుంటారు నాయుడు బాబూ?" అన్నారెవరో.

"నువ్వు ఎనక్కి తిరిగెల్లినపుడు నీ పెళ్లాం నిన్ను పోల్చుకోదేటి?"

మీటింగు నాడు ఆయన టీ కొట్టు మేడ మీద, జనానికి వెనకగా కూర్చున్నాడు. సముద్రం గాలి, తారు వాసన, చేపల బజారు నుంచి తట్టలతో తిన్నగా వచ్చేసిన ఆడవాళ్లు, మధ్యమధ్య కూసే మైకు. నా ముందు ఎల్లాజీ. వాడూ నాలాగే వేట వదిలి రేవులోకి వచ్చినవాడు, మాలో అందరికంటే ఎత్తరి. నాకు వేదిక కనబడక, వాడి భుజం మీద చెయ్యి వేసి మునివేళ్ల మీద వేలాడుతున్నాను.

"దిగరా, బుజం ఊడిపోతన్నాది!"

"ఏటి సేత్తన్నారో సెప్పు మరి, దిగుతాను."

"మాటాడతన్నారు. మాటాడ్డం కనిపిత్తాదేటి? ఇనుకో!"

ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. దాలినాయుడు దాన్ని చూశాడు.

ఆ సాయంత్రం పెన్సిల్‌తో గబగబా పెట్టుకున్న గుర్తులమీద సిరా ఎక్కించడానికి ఆయనకి నెలలు పట్టింది. ఎవరో ఒక మనిషిని వేసి పూర్తి చేయడం ఆయన చేత కాదు. ఫలానా చోట నిలబడ్డది ఎవరు, వాళ్ల మెడ ఎలా ఉంటుంది, నిలబడితే బరువు ఏ కాలి మీద వేస్తారు, ఇవన్నీ చూడాలి. అందుకని ఆఫీసు వదలగానే, ఆదివారాలూ, ఊళ్లో మనుషుల వెనక పడి తిరిగేవాడు. నేనూ వెంట ఉండేవాణ్ని. చేపల బజారులో ఎల్లాజీ పెళ్లాం పోలమ్మ వెనకాల నిలబడి ఆయన తల వంచి వంచి చూస్తుంటే, ఆవిడ చప్పున తిరిగింది.

"ఏటి బాబూ, సేపలు ఇటుంటే నువ్వటు సూత్తన్నావ్?"

"నీ ఈపు సూత్తన్నానప్పా. ఒకసారి అటు తిరుగు."

బజారంతా గొల్లుమంది. పోలమ్మ ఒక వంజరం చేపను తోక పట్టుకుని పైకి లేపింది. "ఈపు సూత్తావా? దీంతో నీ ఈపు మీదొకటిత్తే నాను నీది సూత్తాను!"

నేను అడ్డం పడి, ఇది మీటింగు బొమ్మ గురించని చెప్పాను. చేప కిందికి దిగింది. పోలమ్మ చెంగుతో మెడ తుడుచుకుంది.

"అలగని ముందే సెప్పొద్దేటి? ఆగు, సక్కగా దువ్వుకుని వత్తాను."

"ఒద్దు. ఆ రోజు నీ కొప్పు జారిపోయున్నాది. ఈపు మీద తడి కోక. నెత్తి మీద కాలీ తట్ట. అదే ఏత్తాను."

"పోనీ తట్టలో రెండు సేపలైనా ఎయ్యి బాబూ. కాలీ తట్టతో ఎళ్లేనంటే మర్యాదేటి?"

ఆయన వెయ్యలేదు. ఇప్పటికీ ఆ తట్ట ఖాళీయే.

మాలో సత్తిబాబు అని ఒకడుండేవాడు, మెతక మనిషి. ఒకరోజు వేడివేడి పకోడీలు పొట్లం కట్టించుకుని మేడ ఎక్కాడు. పొట్లం బల్ల మీద పెట్టి, దాని దారం సవరిస్తూ అన్నాడు.

"నన్నూ ఎయ్యి బావా."

"నువ్వు రాలేదు కదరా."

"ఎనకనించే కదా. ఎవుడికి తెలుత్తాది?"

"నాకు తెలుత్తాది."

"వచ్చేను బావా. సందు మొగదాకా వచ్చేను. కాంట్రాక్టరు మనిసి అక్కడ కాపలా ఉన్నాడు. పిల్లలు గుర్తొచ్చినారు. ఆ గోడ ఎనకాలే నిలబడి ఇని ఎల్లిపోనాను."

"భయపడ్డం తప్పని నానన్నానేటి? రానోడ్ని ఎయ్యను. అంతే."

సత్తిబాబు కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు. నాకు దాలినాయుడి మీద కోపం వచ్చింది. ఒక్క వీపు, ఎక్కడో ఒక మూల. ఏం పోయింది? ఆయన మాత్రం ఆ పకోడీలు నాకు సగం పెట్టి, తాను సగం తిని, చేతులు కడుక్కుని మళ్లీ బల్ల మీదికి వంగాడు.

బొమ్మ పూర్తయిన ఆదివారం ఆయన గది నిండిపోయింది. బొమ్మను నేల మీద పరిచి నాలుగు మూలలా చెంబులు పెట్టాం. ఒకరి మీద ఒకరు వంగి ఎవరి వీపు వాళ్లు వెతుక్కున్నారు. "ఇది నానే, నా జబ్బ మీద కాయ సూడు!" "ఓలమ్మో, మా అప్ప మెడ!" ఎల్లాజీ మోకాళ్ల మీద వంగి తన వీపును దగ్గరగా చూశాడు. "నా ఈపు నాను సూడ్డం ఇదే మొదలు," అన్నాడు తరవాత. తన భుజం మీద ఉన్న నా చేతిని బొమ్మలో వేలితో తట్టి, "దిగరా," అన్నాడు. అందరం నవ్వాం. దాలినాయుడు ఒక్కడే నవ్వలేదు. గోడకి ఆనుకుని, పెళ్లిలో ఆడపిల్ల తండ్రిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ బొమ్మ ఊరేగింది, ఆఫీసుల ముందు నిలబడింది. పట్టుమని పదిమంది రాలేదని మళ్లీ ఎవడూ అనలేకపోయాడు. కొన్నాళ్లకి వంతుల పద్ధతి వచ్చింది. దాంతో మా కష్టాలు తీరిపోయాయని రాస్తే అబద్ధం అవుతుంది. వేలు చూపించడం మాత్రం పోయింది.

ఆ మరుసటేడు ఎల్లాజీ ఓడ అడుగు గదిలోకి జారి పడిపోయాడు. పైకి తీసేసరికి ప్రాణం లేదు. ఆ కబురు పోలమ్మకి చెప్పడానికి నేనే వెళ్లాను. ఆ నడక గురించి రాయను. పెద్దదినానికి నాలుగు రోజుల ముందు ఆవిడ మేడ మెట్లు ఎక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

"నాయుడు బాబూ, పెద్దదినానికి ఆడి పొటో ఎట్టి అన్నం పెట్టాలంట. మా ఇంట ఒక్క పొటో లేదు. పనికి ఎల్లేటపుడు ఇచ్చిన బిళ్ల మీద కూడా పొటో లేదు. ఆడు నీ కాడున్నాడు కదా. ఇచ్చీ."

"నకలు తీసిత్తానప్పా. మద్దేనానికి వచ్చీ," అన్నాడు దాలినాయుడు.

ఆయన ఎంత శ్రద్ధగా తీశాడో నేను చూశాను. జుట్టు పాయలో ఒక్క వెంట్రుక తేడా రాలేదు. పోలమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని తీసుకెళ్లింది. మర్నాడు మళ్లీ వచ్చి బల్ల మీద పెట్టేసింది.

"ఇది ఆడు కాదు బాబూ."

"గీతకి గీత ఎత్తేను కదప్పా!"

"ఎత్తేవు. మరి ఆడ్ని ఒక్కడ్నే నిలబెట్టేసినావేటి? ఆ రోజు ఆడి బుజం మీద ఈడి సెయ్యుంది. ఇటేపు నా తట్ట అంచుంది. అయ్యన్నీ ఏవీ? ఆడు ఎప్పుడైనా ఒక్కడూ నిలబడ్డాడేటి?"

దాలినాయుడు ఆ నకలును తీసి వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. ఏ భాగం అడిగితే ఆ భాగమే ఎక్కించి, పక్క గీతలు వదిలేయడం. ఆఫీసులో ఆయన్ని మెచ్చుకునేది దానికే. ఎల్లాజీని కూడా అలాగే ఎక్కించాడు, ఒక గోడనో గట్టునో ఎక్కించినట్టు. "పక్కవాళ్లతో కలిపి ఇంకోటి తియ్యి బావా," అన్నాను నేను.

"నీ సెయ్యి తీత్తే నిన్ను తియ్యాల. నిన్ను తీత్తే నీ పక్కోడ్ని తియ్యాల. ఎక్కడ ఆపమంటావురా?"

లేచి, చుట్ట విప్పి, అసలు బొమ్మను బల్ల మీద పరిచాడు. సిరా గీకే బ్లేడు తీశాడు. నాకు అర్థమయ్యేలోగా బ్లేడు ఎల్లాజీ తల చుట్టూ తిరిగి, భుజం మీద ఉన్న నా చేతిని మణికట్టు దాకా కలుపుకుని, పోలమ్మ తట్ట అంచును కలుపుకుని కిందికి దిగింది. "అయ్యో బావా, నాశనం సేత్తన్నావ్!" అని అరిచాను. ఆయన చెయ్యి ఆగలేదు. ముక్కను పోలమ్మకి ఇచ్చాక, బొమ్మలో పడిన కన్నం మీద అరచెయ్యి ఆనించి అన్నాడు.

"ఆడు పోనాడురా. ఊళ్లో లేనోడు బొమ్మలో మాత్రం ఎందుకుండాల? ఎక్కడినించి పోనాడో అక్కడ కాలీ ఉండాల."

పెద్దదినం నాడు వచ్చిన చుట్టాలు, దండ వేసి బొట్టు పెట్టిన ఆ వీపును చూసి గుసగుసలాడారు. ఒక ముసలాయన ఉండబట్టలేక, "ఇదేటే, మొకం లేకుండా?" అని అడిగేశాడు. పోలమ్మ అన్నం ముద్దలు పెడుతూనే జవాబు చెప్పింది. "పొద్దున్నే ఆడు పనికెల్తంటే నాను గుమ్మంలో నిలబడీదాన్ని మావా. నాకెప్పుడూ ఈపే కనిపించీది. సందు తిరిగిందాకా అదే సూసీదాన్ని."

తరవాత ఒక్కొక్కరే పోయారు. జబ్బ మీద కాయ ఉన్నవాడు, మెడ వంకరవాడు, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి. వాళ్ల ఇళ్లలో తరవాత ఫోటోలు కూడా ఉన్నాయి. అయినా ఇంటివాళ్లు మెట్లెక్కి వచ్చి అడిగేవారు. దాలినాయుడు ఎవరికీ లేదనలేదు. ప్రతిసారీ పక్కవాడి మోచెయ్యో, వెనకవాడి తలపాగా అంచో కలిపి కోసేవాడు. రిటైరయ్యి, అప్పటికి నేను మారిన గోపాలపట్నానికే వచ్చి మా వీధిలోనే చిన్న ఇంట్లో ఉన్నప్పుడూ వచ్చేవారు. అప్పటికి ఆయన చెయ్యి వణికేది, టీ గ్లాసు పట్టుకుంటే ఒలికిపోయేది. బ్లేడు పట్టుకున్నాక మాత్రం వణికేది కాదు.

అలా వచ్చినవాళ్లలో సత్తిబాబు కొడుకు ఒకడు. తండ్రి పోయిన పదిరోజుల్లోపే, బోడిగుండుతో వచ్చాడు. "మా నాన్న బొమ్మ కోసం వచ్చేనండి. ఆ బొమ్మలో నానున్నానని సచ్చిపోయిందాకా సెప్పీవోడు," అన్నాడు. నేను ఇంకో గదిలోకి వెళ్లిపోదామనుకున్నాను. దాలినాయుడు కళ్లజోడు పెట్టుకుని, చుట్ట విప్పి, జనం అందరినీ దాటుకుని బొమ్మ కుడి అంచుకి వెళ్లాడు. అక్కడ సందు మొగ ఉంది, ఒక గోడ ఉంది, అంతే. ఎన్నేళ్లుగానో చూస్తున్న బొమ్మ. అప్పుడు కనిపించింది నాకు. గోడ మూలనుంచి మీటింగు జరిగే నేల మీదికి సాగిన ఒక నీడ. సాయంత్రపు నీడ, పొడుగ్గా, తల కొంచెం వంచి. మనిషి గోడ వెనకాల ఉండిపోయాడు. నీడ మాత్రం మాలోకి వచ్చింది.

"ఇదిరా మీ నాన్న. ఎంతవరకు వచ్చేడో అంతవరకు ఏసేను," అన్నాడు దాలినాయుడు. గోడ మూలతో సహా కోసి ఇచ్చాడు. ఆ కుర్రాడు ఇంకేమీ అడగలేదు. ముక్కను కళ్లకి అద్దుకుని, జేబులో కాదు, చొక్కా లోపల గుండె దగ్గర పెట్టుకుని వెళ్లాడు. పకోడీలు తిన్న ఆ పొద్దు ఆయన బల్ల మీదికి వంగి ఏం గీశాడో నాకు అప్పుడు తెలిసింది.

దాలినాయుడు కూడా వెళ్లిపోయాడు. వెళ్లే ముందు చుట్టను నా చేతిలో పెట్టి, "వేపాకు మారుత్తా ఉండు. అడిగినోడికి ఇచ్చీ," అన్నాడు. ఊరినుంచి వచ్చిన చెల్లెలు ఆయన ఆఫీసు కార్డు మీది ఫోటోను పెద్దది చేయించి దండ వేసింది. బిగదీసుకుపోయిన మొహం, ఎవరికో భయపడుతున్నట్టు. అది ఆయన కాదు. అందరూ వెళ్లాక నేను బొమ్మ విప్పి, అంచునుంచి అంచుకి వెతికాను. సత్తిబాబు నీడ లాంటిదేదో తన కోసం కూడా దాచుకుని ఉంటాడని ఆశ. లేదు. ఆ సాయంత్రం అక్కడికి వచ్చి, బొమ్మలో లేనివాడు ఆయన ఒక్కడే. ఆయన మా అందరి వెనకా ఉన్నాడు. మాలో ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు.

కిరణ్ మళ్లీ వచ్చాడు. ఈసారి ల్యాప్‌టాప్ తెచ్చాడు. తెర మీద బొమ్మ, ఒక్క కన్నం లేకుండా. "చూడండి సార్, కంప్యూటరే ఫిల్ చేసేసింది. ఏది పాతదో ఏది కొత్తదో మీకే తెలీదు!" నేను చూశాను. ఎల్లాజీ చోట ఎవడో నిలబడి ఉన్నాడు. నా చెయ్యి వాడి భుజం మీద ఉంది. నాది కాని చెయ్యి.

"వీడెవడు బాబూ?"

"ఎవరూ కాదు సార్. జనంలో ఒకడు."

"మీటింగుకి వచ్చాడా?"

ఆ కుర్రాడు నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. రానివాణ్ని వేయనని సత్తిబాబుని ఏడిపించి పంపిన మనిషి బొమ్మలో, ఊరూ పేరూ లేనివాళ్లను ఇంతమందిని తెచ్చి నిలబెట్టారు. గొంతు లేచింది నాకు. ఏం అన్నానో అన్నీ రాయను, మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి నన్ను కూర్చోబెట్టింది. కిరణ్ మాత్రం పారిపోలేదు. ల్యాప్‌టాప్ మూసి, "మరి ఆ ముక్కలు ఇళ్లలో ఉన్నాయిగా సార్. అడిగి తెచ్చి అతికిద్దామా?" అన్నాడు. "నన్నెందుకు అడగడం, పద," అని ఆటో పిలిచి, పాత ఊళ్లో పోలమ్మ ఇంటికి తీసుకెళ్లాను.

పోలమ్మ బాగా వంగిపోయింది. చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. గోడ మీద ఆ చిన్న అద్దం చట్రం, లోపల పసుపురంగు తిరిగిన కాగితం, ఎల్లాజీ వీపు మీద ఎన్నేళ్లుగానో పెడుతున్న కుంకం. కిరణ్ వచ్చిన పని చెప్పాడు. అంతా విని ఆవిడ అంది.

"అతికిత్తే ఆడొచ్చి కూకుంటాడేటి బాబూ? నాను ఉన్నంతకాలం ఈడే ఉండనీ." తరవాత నా వైపు తిరిగింది. "నువ్వేటిరా అలగున్నావ్? నీ సెయ్యి కూడా ఈడే ఉన్నాది కదా. ఆడికి పూలేత్తే నీ సేతి మీదా పడతన్నాయి ఇన్నాల్లూ."

తిరుగు ఆటోలో, గోపాలపట్నం దగ్గర పడ్డాక కిరణ్ అడిగాడు, "సార్, ఉన్నది ఉన్నట్టే పెడితే ఇస్తారా? గోడకి ఆనించం. మధ్యలో వేలాడదీస్తాం, కన్నాల గుండా వెలుగు రావాలి." ఇస్తానన్నాను. దాని కింద 'డ్యామేజీ' అన్న మాట గానీ, 'గుంపు' అన్న మాట గానీ రాస్తే మళ్లీ వెనక్కి తెచ్చేసుకుంటాననీ అన్నాను. 'వచ్చినవాళ్లు' అని రాయమన్నాను. ఎవరైనా ఇంటివాళ్లు అడిగితే బ్లేడు తీసుకుని నేనే వస్తాననీ చెప్పాను. నా వంతు వచ్చినప్పుడు మా అమ్మాయి వస్తుంది. కుడిచెయ్యి ఎక్కడుందో తనకి చెప్పి ఉంచాను.

దాలినాయుడి వీపు ఎవరూ వెయ్యలేదు. నాకు బొమ్మ వెయ్యడం రాదు. కానీ ఆ వీపును నాకంటే ఎక్కువగా చూసినవాడు లేడు. ఎన్నో సాయంత్రాలు ఆ వీపు వెనకాల కూర్చునే నేను అక్షరాలు నేర్చుకున్నాను. కుడి భుజం ఎడమదానికంటే కిందికి ఉండేది. బనీను పట్టీ ఒకవైపు జారిపోయి ఉండేది. సిరా వేలితో గోక్కునే అలవాటు వల్ల, నూనె రాసిన జుట్టు కింద మెడ మీద ఎప్పుడూ ఒక నల్ల మరక. చెవి వెనక చెమట. గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు, వీపు కదిలేది కాదు. గీత అయ్యాక ఒక్కసారి పైకి లేచి దిగేది. నేను గుమ్మంలో నిలబడితే, తిరగకుండానే అనేవాడు, "నూకరాజా? ఎలుగుకి అడ్డొత్తన్నావ్. పక్కకి జరుగు."

మొన్న బాల్కనీలో తాడు మీద ఆ కాగితం ఊగుతుంటే, నా కాళ్ల దగ్గర ఒక వెలుగు మనిషి సగమే కనిపించాడు. మిగతా సగం నా నీడలో ఉంది. పక్కకి జరిగాను.